పుడిసెడు సముద్రం

భావనపాడు ఒడ్డున గుగ్గిలం కాగే వాసన వస్తే ఆడవాళ్ళు అటు పోకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. చెక్క పడవ పలకల మధ్య సందుల్లో పత్తి కుక్కి, గుగ్గిలం, కానుగ నూనె కలిపి కాచిన ముద్దను దాని మీద పట్టిస్తారు. ఆ ముద్ద సరిగా పట్టకపోతే నడిసముద్రంలో పడవలోకి నీళ్ళొస్తాయి. అంత ముఖ్యమైన పని మీద ఆడదాని నీడ పడకూడదని ఎవరో ఎప్పుడో అనేశారు. ఆ అన్నవాడెవడో ఊళ్ళో ఒక్కరికీ తెలీదు. హేమకు మాత్రం వాడి మీద చిన్నప్పటి నుంచీ కోపమే.

ఆమె నూకయ్యకు ఒక్కతే కూతురు. పొయ్యి ఎగదోయడానికి ఒక మనిషి ఉండాలి కదా. కొడుకుల్లేని నూకయ్య పిల్లను పక్కన కూచోబెట్టుకుని పని కానిచ్చేవాడు. చివర్లో కుండ దించే ముందు గంగమ్మకు వాటా వేసి, దండం పెట్టి, ముద్దను పడవ దగ్గరికి మోసుకుపోయేవాడు. పిల్ల చిన్నదిలే అని ఊరు ఊరుకుంది. ఆ పిల్ల ఎదిగింది, హైస్కూలుకు వెళ్ళింది, అయినా పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. ఊరి పెద్ద సోములు ఒకరోజు కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఒరే నూకయ్యా, ఆ గుంటని లెగమను. ఎదిగిన పిల్ల కుండకాడ కూసుంటే గంగమ్మ ఊరుకుంటాదేట్రా?"

నూకయ్య తల వంచుకున్నాడు. హేమ తల ఎత్తింది.

"నాను లెగిస్తే పొయ్యారిపోతాది పెదనాయినా. నువ్వు కూసుని ఊదుతావేటి?"

ఒడ్డున ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. సోములు ఆ రోజుకు వెనక్కి తిరిగాడు గానీ ఆ మాట మనసులోనే పెట్టుకున్నాడు. ఇలాంటివాళ్ళు తిన్న అన్నం మర్చిపోతారేమో గానీ పడిన మాట మర్చిపోరు.

పొయ్యి దగ్గర కూచున్న ఆ రోజుల్లోనే హేమకు ఒక సందేహం పట్టుకుంది. ఈ ముద్ద మే నెల ఎండకు కారిపోదు. చలికాలం తెల్లవారుజామున పగిలిపోదు. అల మీద పడవ ఒళ్ళు విరుచుకుంటే తానూ విరుచుకుంటుంది, ఊడి మాత్రం రాదు. రాయిలాంటి గుగ్గిలం, నీళ్ళలాంటి నూనె కలిస్తే అటు రాయీ కాక, ఇటు నీళ్ళూ కాక, ఈ మూడో గుణం ఎక్కడి నుంచి వచ్చింది? తండ్రిని అడిగితే "అదంతేనే" అన్నాడు. టెక్కలిలో కాలేజీ లెక్చరర్ని అడిగితే అది సిలబస్‌లో లేదన్నాడు. సిలబస్‌లో లేని ప్రశ్న హేమ దగ్గర అలాగే ఉండిపోయింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యేదాకా ఉంది, 2014లో పీహెచ్‌డీకి చేరేదాకా ఉంది.

ఆమె గైడు తిరుమలరావు గారు బొబ్బిలి దగ్గర వరి రైతుల కుటుంబం నుంచి వచ్చిన మనిషి. మంచివాడు. కాకపోతే తన నీడను చూసి తనే దారి ఇచ్చే రకం. ఆయన బీరువాలో విదేశీ కంపెనీ పాలిమర్ డబ్బా ఒకటి ఉండేది. ఆయన దగ్గర చేరిన ప్రతివాళ్ళూ అందులోంచి ఇంత తీసుకుని, ఏదో కొలిచి, థీసిస్ రాసుకుని వెళ్ళిపోయేవారు. హేమకూ ఆ డబ్బానే చూపించారు.

"నాకు మా పడవ ముద్ద కావాలి సార్" అంది హేమ.

"గుగ్గిలమా? అన్నీ ఫైబర్ పడవలు అయిపోతున్నాయి కదమ్మా. పోయే వస్తువు మీద పరిశోధన ఏమిటి?"

"పోయేలోపే చెయ్యాలి కదా సార్. పోయాక ఎవరి మీద చేస్తాం?"

జవాబు లేనప్పుడు కళ్ళజోడు తుడుచుకోవడం ఆయన అలవాటు. అలా తుడిచీ తుడిచీ చివరికి ఒప్పుకున్నారు.

ముద్ద లోపల అణువులు ఎలా మసలుతున్నాయో మామూలు సూక్ష్మదర్శినికి చిక్కదు. దానికి న్యూట్రాన్లు కావాలి. హేమ ఇంటికి వెళ్ళినప్పుడు తల్లి గున్నమ్మ అడిగింది, ఏటే అమ్మీ ఆ సదువు అని. గున్నమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే మనిషి. ఆమెకు హేమ ఇలా చెప్పింది.

"సీకటి గది అనుకోవే అమ్మా. లోపల మనుషులున్నారు, నీకు కనపడరు. గుమ్మంకాడ నిలబడి గోళీలు ఇసురుతన్నావు. కదలకుండా నిలబడ్డోడికి తగిల్తే గోళీ ఎల్లిన జోరుతోనే తిరిగొస్తాది. అటూ ఇటూ మసిలే ఓడికి తగిల్తే దాని జోరు మారిపోతాది. ఒచ్చిన గోళీల జోరు సూసి లోపల ఎవులు కూసున్నారో, ఎవులు ఎంత జోరుగా తిరగతన్నారో సెప్పొచ్చు. ఆ గోళీలే న్యూట్రాన్లు. మిగతా వాటికన్నా హైడ్రోజన్‌కి తగిల్తేనే ఎక్కువ సెదురుతాయి. మన ముద్ద నిండా అదే."

"మరా గోళీలు మనూళ్ళో దొరకవా?"

దొరకవు. ముంబైలో రియాక్టర్ ఉన్న చోటే దొరుకుతాయి. దేశం నలుమూలల నుంచీ జనం అర్జీలు పెట్టుకుని ఆ న్యూట్రాన్ కిరణం ముందు తమ వంతు కోసం ఎదురు చూస్తుంటారు. హేమ వంతు 2016లో వచ్చింది. ఆమె ఒడ్డున తండ్రి పక్కన కూచుని తన చేత్తో ముద్ద కాచింది. చివర్లో నూకయ్య ఎప్పటిలాగే దండం పెట్టి కుండ దించాడు. గుగ్గిలం ఎంత, నూనె ఎంత, మంట ఎంతసేపు, ఏ గుడ్డతో వడకట్టింది, అన్నీ రాసుకుంది. చల్లారిన ముద్దను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని పలాసలో కోణార్క్ రైలు ఎక్కింది. రియాక్టర్ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి డబ్బా మూత తీసి, వాసన చూసి, ఇదేం కూర అన్నట్టు ఆమె వైపు చూశాడు.

అక్కడ న్యూట్రాన్లతో కొలిచే పరికరం చూసే శాస్త్రవేత్త కులకర్ణి గారు. తక్కువ మాట్లాడే మనిషి. ముద్దను కాగితమంత పల్చగా పరిచి, అల్యూమినియం పెట్టెలో మూసి, కిరణం ముందు పెట్టారు. మామూలు వేడిలో ముద్దలో బోలెడంత కదలిక కనిపించింది. హేమకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఇదే, ఈ కదలికే తను వెతుకుతున్న మూడో గుణం అనుకుంది. తర్వాత మెల్లగా చల్లబరుస్తూ పోయారు. నీళ్ళు గడ్డకట్టే వేడి దాటి కాస్త కిందికి రాగానే ఆ కదలికలో పెద్ద భాగం తటాలున ఆగిపోయింది.

కులకర్ణి గారు తెర మీద గీతను చూశారు. "గుగ్గిలం ఇక్కడ గడ్డకట్టదు. నూనె ఇలా ఆగదు. ఇది ఉప్పునీరు. నువ్వు ఇంతసేపూ కొలిచింది నీళ్ళని" అన్నారు ఇంగ్లీషులో.

నీళ్ళు లేవంది హేమ. తను పొయ్యి మీద కాచిన ముద్దలో నీళ్ళెలా ఉంటాయంది. తను రాసుకున్నదంతా చూపించింది. అందులో నీటి మాట లేదు. ఆయన వాదించలేదు, గీత మీద వేలు పెట్టి చూపించి ఊరుకున్నారు. ఆ వేలు మీద హేమకు ఎంత కడుపు మండిందో చెప్పలేం.

ఆమె కంటే ముందే వార్త తిరుమలరావు గారికి చేరింది. "అయిపోయిందమ్మా. ఫెలోషిప్ ఇంకెంతో కాలం లేదు. మళ్ళీ వంతు వస్తే ఒక్కసారే వస్తుంది. దాన్ని గుగ్గిలం మీద పోగొట్టుకోకు. డబ్బాలోంచి పాలిమర్ తీసుకో" అన్నారు.

"నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసేదాకా డబ్బా ముట్టుకోను సార్" అంది హేమ.

ఊరికి వచ్చింది. తండ్రిని మళ్ళీ కుండ పెట్టమంది. ఈసారి ఆమె పొయ్యి ఎగదోయలేదు. ఎదురుగా నిలబడి, ఊరికి కొత్తగా వచ్చినదానిలా చూసింది. గుగ్గిలం పడింది, కరిగింది. నూనె పడింది, కలిసింది. మంట తగ్గింది. కుండ దించబోతూ నూకయ్య పక్కనున్న బకెట్లో చెయ్యి ముంచి, పుడిసెడు సముద్రపు నీళ్ళు తీసి, "తల్లీ, నీ వాటా" అని కుండలోకి విసిరాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. ఆయన గబగబా నాలుగు తిప్పులు తిప్పి దండం పెట్టాడు.

హేమ అలాగే నిలబడిపోయింది. ఈ చప్పుడు ఆమె పుట్టినప్పటి నుంచీ వింటోంది. కుండ ముందు ఎన్నిసార్లు కూచుందో, అన్నిసార్లూ ఆ నీళ్ళు ఆమె కళ్ళ ముందే పడ్డాయి. అది దండం పెట్టడంలో భాగం. దండాన్ని ఎవరు కొలతల్లో రాసుకుంటారు? చాలా నీళ్ళు ఆవిరైపోయినా, చిన్న చిన్న బొట్లు చల్లారే ముద్దలో చిక్కుకుని ముంబై దాకా ప్రయాణం చేశాయి. బయటివాడెవడు కాచినా ఆ నీళ్ళను ముందే చూసి రాసుకునేవాడు. భావనపాడు పిల్ల కాబట్టే ఆమెకు కనబడలేదు. నవ్వొచ్చింది, తల బాదుకోవాలనీ అనిపించింది. రెండోదే చేసింది.

తిరుమలరావు గారు ఈ కథ విని ఊపిరి పీల్చుకున్నారు. "ఇంకేం, ఈసారి ఆ నీళ్ళు లేకుండా కాచి తీసుకెళ్ళు. ఈ గంగమ్మ సంగతి మాత్రం ఎక్కడా రాయకు, నలుగురూ నవ్వుతారు."

"నీళ్ళు లేని ముద్ద మా ఊళ్ళో ఏ పడవ మీదా లేదు సార్. లేనిదాన్ని కొలిచి ఉన్నదని ఎలా రాస్తాను? నీళ్ళు ఉండాలి. న్యూట్రాన్లకు కనబడకూడదు."

అలాంటి నీళ్ళు ఉన్నాయి. భారజలం. అందులో హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన తోబుట్టువు ఉంటుంది. న్యూట్రాన్లు దాన్ని పెద్దగా పట్టించుకోవు. సముద్రపు నీళ్ళను పళ్ళెంలో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును భారజలంలో కలిపితే అదీ సముద్రమే, న్యూట్రాన్ల కంటికి ఆనని సముద్రం. నీళ్ళు లేని ముద్ద ఒకటి, ఈ నీళ్ళు వేసిన ముద్ద ఒకటి పక్కపక్కన కొలిస్తే ముద్ద కదలిక ఏదో, నీళ్ళ కదలిక ఏదో తేలిపోతుంది.

తిరుమలరావు గారు ముంబైకి పెట్టే రెండో అర్జీ మీద సంతకం పెట్టలేదు. హేమ ఆయన గది ముందు బల్ల మీద కూచుంది. పొద్దున వస్తుంది, ఆయన ఇంటికి వెళ్ళేదాకా కూచుంటుంది. వచ్చేపోయేవాళ్ళంతా ఏమైందమ్మా అని అడగడం, సార్ సంతకం కోసం అని ఆమె గట్టిగా చెప్పడం. ఆయన కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని విసిగిపోయారు.

"పెడతాను. కానీ విను. ఈసారీ తేలకపోతే గుగ్గిలం లేదు, నీ డిగ్రీ కూడా లేదు. పాలిమర్‌కు కూడా టైము మిగలదు."

"తెలుసు సార్" అంది హేమ. సంతకం తీసుకుని వెళ్ళింది.

అసలు గొడవ ఇంటి దగ్గర మొదలైంది. నీళ్ళు వేయకుండా కుండ దించనన్నాడు నూకయ్య. హేమ తెచ్చిన సీసాలోని భారజలం వేయమంటే మరీ మండిపడ్డాడు.

"గంగమ్మ వాటాకి మందుల సీసాలో నీల్లేటే? నాను ఎయ్యను. నా సేతులు అందుకు రావు."

"అయితే నానేస్తాను అయ్యా."

వాటా వేయడం పడవ ఓనరు హక్కు, అదీ మగవాడి చెయ్యి. పొయ్యి ఎగదోయడం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. నూకయ్య వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు గున్నమ్మ లేచింది. ఇంట్లో పొయ్యి రాళ్ళు తీసుకొచ్చి ఒడ్డున పెట్టింది, ఎండు కొబ్బరి డొప్పలు తెచ్చి పేర్చింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టపగలు గుగ్గిలం కుండ పెట్టారంటే ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చేసింది. సోములు అందరికంటే ముందు వచ్చాడు.

"ఒసే గున్నమ్మా, నీకు మతి పోయిందేటి? ఆడది వాటా ఏస్తే గంగమ్మకి కోపం రాదా?"

గున్నమ్మ డొప్ప ఒకటి మంటలోకి విసిరింది. "గంగమ్మ మగోడేటి బావా? ఆవిడా ఆడదే గదా. ఆడదాని సేతి నీల్లు ఆడదానికి సేదా?"

హేమ నీళ్ళు పడని ముద్ద కొంత ముందే పక్కకు తీసి పెట్టి, సీసా మూత తీసి, భారజలం అరచేతిలో పోసుకుంది. అందరూ చూస్తుండగా, తండ్రి అన్న మాటే అంది. "తల్లీ, నీ వాటా." చుయ్‌మని ఆవిరి లేచింది. సోములు కర్ర నేలకేసి కొట్టి, ఈ ఏడు వలల్లో చేప పడితే తన పేరు మార్చుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఏడు చేపలు ఎప్పటిలాగే పడ్డాయి. ఆయన పేరు మాత్రం మార్చుకోలేదు.

నూకయ్య మాత్రం కూతురితో మాట మానేశాడు. ఆమె ముంబై బయల్దేరిన రోజు కూడా పడవ దగ్గరే ఉండిపోయాడు. సోములు అరుపులకు అదరని హేమ, పలాస స్టేషన్లో టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

రెండోసారి కులకర్ణి గారు ముద్దను చల్లబరుస్తుంటే హేమ తెర వైపు చూడలేకపోయింది. నీళ్ళు గడ్డకట్టే చోటు వచ్చింది. దాటింది. గీత ఎక్కడా తటాలున పడలేదు. నున్నగా, మెల్లగా దిగుతూ పోయింది. ఆ కదలిక ముద్దదే. గుగ్గిలం అణువులు ఉన్నచోటే బిగిసి నిలబడ్డాయి, వాటి మధ్య నూనె అణువుల తోకలు అల్లల్లాడుతున్నాయి. నిలబడేది నిలబడుతోంది, ఆడేది ఆడుతోంది. పడవ ఒళ్ళు విరిచినా ముద్ద ఊడకపోవడానికి మొదటి ఆధారం అక్కడుంది. కులకర్ణి గారు ఈసారి గీత మీద వేలు పెట్టలేదు. ఆమెకు టీ తెప్పించారు.

ఇంకొకటి కూడా తేలింది. నీళ్ళు లేని ముద్దకూ, భారజలం వేసిన ముద్దకూ తేడా లేదు. గంగమ్మ వాటా ముద్దను గట్టిపరచలేదు, మెత్తబరచలేదు. ఊరికే ఓ మూల కూచుంది.

ఇంటికొచ్చి హేమ ఆ మాట దాచలేదు. అన్నం తింటున్న తండ్రి ఎదురుగా కూచుని చెప్పేసింది. "అయ్యా, నీ పుడిసెడు నీల్లు ముద్దకి ఏటీ సెయ్యట్లేదు. మంచీ నేదు, సెడ్డా నేదు."

నూకయ్య చాలాకాలం తర్వాత ఆమె వైపు చూశాడు. "ఏదో సెయ్యాలని ఎవులేసారే? సముద్రం మీద బతుకుతన్నాం. ఆవిడకి ఇయ్యాల, ఇచ్చినాం. ఇచ్చినదానికి పనేటి?"

2018లో థీసిస్ పరీక్ష. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు అన్నీ మెచ్చుకుని, తయారీ విధానం దగ్గర ఆగాడు. పడవ యజమాని దైవానికి వాటాగా పుడిసెడు సముద్రపు నీరు వేస్తాడని అక్కడ ఒక వాక్యం ఉంది. ప్రభావం లేదని మీరే నిరూపించారు కదా, మరి ఈ వాక్యం ఎందుకు, తీసేస్తే ఈ రోజే సంతకం పెడతాను అన్నాడు.

వెనక బెంచీలో ఉతికిన పంచె కట్టుకుని నూకయ్య, పక్కన గున్నమ్మ. ఇంగ్లీషు వాళ్ళకు అర్థం కాలేదు గానీ కూతురి మొహం అర్థమైంది.

"తీయను సార్" అంది హేమ. "మొదటిసారి ఆ వాక్యం రాయలేదు. రాయనందుకే నా కొలతలన్నీ తప్పాయి. చేసింది చేసినట్టు రాయాలని ఆ నీళ్ళే నాకు నేర్పాయి. అది ముద్దకు పనికొస్తుందని మేము వేయలేదు. అది గంగమ్మకు మేమిచ్చినది. ఇచ్చినదాన్ని ఇవ్వలేదని నేను రాయను. మళ్ళీ రమ్మంటే మళ్ళీ వస్తాను, ఆ వాక్యంతోనే వస్తాను."

పరీక్షకుడు తిరుమలరావు గారి వైపు చూశాడు, మీ విద్యార్థికి చెప్పండి అన్నట్టు. తిరుమలరావు గారి చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళి ఆగింది. "ఆ వాక్యం ఉంటుందండీ. దాని కింద నేనూ సంతకం పెట్టాను" అన్నారు. పరీక్షకుడు కాసేపు పెన్ను తిప్పి, సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక నూకయ్య అడిగాడు. "ఏటన్నాడే ఆ పెద్దాయన?"

"నీ నీల్లు తీసీమన్నాడు."

"మరి నువ్వు?"

"తియ్యనన్నాను."

నూకయ్య బస్సులో టెక్కలి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఆ వారమే పడవకు గుగ్గిలం పెట్టాల్సి వచ్చింది. ఒడ్డున జనం చేరారు. సోములూ వచ్చి, దూరంగా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ముద్ద కాగింది, మంట తగ్గింది. వాటా వేయాల్సిన వేళ నూకయ్య బకెట్ ఎత్తి తీసుకొచ్చి కూతురి ముందు పెట్టాడు.

సోములు కర్ర లేచింది. "ఒరే, ఇది సదువుకునే కుండ కాదు. నిజం పడవరా. మనుషులెక్కే పడవ!"

నూకయ్య జీవితంలో మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడాడు. "పడవ నాది అన్నా. దాని మీద సముద్రంలోకి ఎల్లేది నాను. వాటా ఎవులేస్తారో నాను సెప్తాను. ఎయ్యే అమ్మీ."

హేమ బకెట్లో చెయ్యి ముంచింది. ఈసారి అవి సముద్రం నీళ్ళే.